రూతు ఒక్కతే మోయలేదు



జూలై నెల నాలుగవ ఆదివారాన్ని శ్రీసభ అవ్వాతాతల దినంగా జరుపుకొంటున్నది. 2021లో పోపు ఫ్రాన్సిస్ గారు దీనిని స్థాపించారు. మరియమాత తల్లిదండ్రులైన పునీత అన్నమ్మ, జ్వాకీముల పండుగ జూలై 26న వస్తుంది గనుక దానికి దగ్గరి ఆదివారాన్ని ఎంచుకొన్నారు. రెండేళ్ళ క్రిందట ఆ దినాన, దివ్యబలిపూజలో నేనొక పొరపాటు చేశాను. ఈ వారం దానిని గురించే వ్రాస్తున్నాను.

మా విచారణలో అప్పుడు పదవ తరగతి చదువుతున్న ఒక అమ్మాయి ఉంది. తండ్రి లేడు. తల్లి కువైట్‌లో ఒక ఇంట పనికి కుదిరింది. మన కడప ప్రాంతం నుండి, అటు గోదావరి జిల్లాల నుండి ఎందరు తల్లులు అలా వెళ్ళారో మీకు నేను చెప్పనక్కర లేదు. మీ ఇంటిలోనో, పక్కింటిలోనో ఒకరుంటారు. ఇంటిలో మిగిలింది పక్షవాతంతో మంచాన పడిన అవ్వ, చిన్న తమ్ముడు, ఈ అమ్మాయి. నేను ఆమెను పీఠం ముందుకు పిలిచి, శాలువా కప్పి, జపమాల చేతికిచ్చి, మన విచారణకు దేవుడిచ్చిన రూతు ఈ బిడ్డ అని పావుగంట ప్రసంగించాను. అందరూ చప్పట్లు కొట్టారు. అమ్మాయి తల ఎత్తలేదు. వినయం అనుకొన్నాను.

మూడు వారాల తరువాత ఒక సాయంకాలం ఆమె గుడి వరండాలో నా కోసం కాచుకొని ఉంది. ఇది పాపసంకీర్తనంలో విన్న మాట కాదు. అదైతే ఈ కలం కదిలేదే కాదు. ఆమె అనుమతి తీసుకొనే వ్రాస్తున్నాను.

“స్వామీ, మీరు ఆ పొద్దు నన్ను నిలబెట్టి పొగిడినారే, ఆ వారంలోనే ఒక రాత్రి నేను మా అవ్వను కొట్టినా.”

ఆ రాత్రి అవ్వ మూడుసార్లు పక్క తడిపింది. రెండుసార్లు దుప్పటి మార్చింది. మూడవసారి ఇంటిలో ఆరిన దుప్పటి లేదు. తెల్లవారితే లెక్కల పరీక్ష. చెయ్యి లేచింది. ఈ సంగతి లోపల పెట్టుకొని, శాలువా కప్పుకొని, చప్పట్లు విన్నది ఆ పిల్ల.

అప్పుడు అడిగాను ఆమె రోజు ఎలా గడుస్తుందో. అంతవరకు అడగనే లేదు, చూశారా! తెల్లవారుజామున నాలుగున్నరకు లేవాలి. అవ్వను శుభ్రం చేయాలి. వీపున పుండ్లు పడకుండా రెండు గంటలకొకసారి పక్కకు తిప్పాలి, రాత్రిళ్ళు కూడా. జావ తాపేటప్పుడు తల ఎత్తి కూర్చోబెట్టి ఒక్కొక్క చెంచా పోయాలి, లేకుంటే శ్వాసనాళంలోకి పోతుంది. ఆసుపత్రి నుండి పంపేటప్పుడు నర్సు ఒక్కసారి చేసి చూపించిందట, పదిహేనేళ్ళ పిల్లకు. బడికి వారంలో మూడు రోజులు వెళ్తే గొప్ప. తల్లి ఫోనులో కనిపిస్తే నవ్వుతూ మాట్లాడాలి, ఆమె అక్కడ ఏడుస్తుందని.

మేనమామలు లేరా అంటే ఉన్నారు. ఒకాయన బెంగుళూరులో, ఒకాయన ఊళ్ళోనే. ఊళ్ళో ఆయన ఆ ఆదివారం ముందు వరుసలో కూర్చొని అందరికంటె గట్టిగా చప్పట్లు కొట్టాడు. తరువాత నేను వెళ్ళి అడిగితే, “ఆడవాళ్ళు చేయాల్సిన పని గదా స్వామీ” అన్నాడు.

సెమినరీలో పునీత తోమాస్ అక్వినాస్‌ను చదివిన రోజుల్లో, ఆలోచన కంటె ముందే ముంచుకొచ్చే ఆవేశం తప్పు బరువును తగ్గిస్తుందని పరీక్షలో వ్రాసి మంచి మార్కులు తెచ్చుకొన్నవాడిని నేను. ఆ వరండాలో ఆ సూత్రం నోటికి రాలేదు. “కొట్టడం తప్పేనమ్మా. అవ్వను క్షమాపణ అడుగు. నిద్రలేని పిల్లను ఒంటరిగా వదిలిన తప్పు మాత్రం నీది కాదు, మాది” అన్నాను. “అప్పుడే అడిగినా స్వామీ. అవ్వ మంచి చేత్తో నా తల నిమిరింది” అన్నది. పక్షవాతం రాని చెయ్యి అన్నమాట.

ఆ రాత్రి రూతు గ్రంథాన్ని మరల తీశాను. నాలుగే అధ్యాయాలు. ప్రసంగాలలో మనం మొదటి అధ్యాయం దగ్గరే ఆగిపోతాం: కోడలు అత్తను విడువనన్నది, ఎంత గొప్ప మనసు! రెండవ అధ్యాయంలో ఏమి జరిగింది? రూతు బేత్లెహేములో పరిగె ఏరుకోవడానికి పోయింది. పొలం అంచులు కోయకుండా, పరిగె ఏరకుండా పేదలకు విడిచిపెట్టాలని లేవీయకాండంలో ముందే కట్టడ ఉంది. బోవసు అంతటితో ఊరుకోలేదు. ఆమెను ఎవరూ గదమరాదని, పనల నుండి కొన్ని వెన్నులు కావాలనే లాగి ఆమె కోసం జారవిడవాలని కోతగాళ్ళకు చెప్పాడు. సాయంకాలానికి ఆమె దుళ్ళగొట్టిన యవలు ఒక ఏఫా అయ్యాయి. అది సుమారు 22 లీటర్లని పండితులంటారు. ఆ రాత్రి నవోమి కడుపు నిండిందంటే, రూతు ప్రేమ ఎంత కారణమో, పేరు లేని ఆ కోతగాళ్ళ చేతులూ అంత కారణం. రూతును పీఠం ముందు నిలబెట్టి పొగిడిన నేను, మా ఊరి పొలంలో ఒక్క వెన్నూ జారవిడవలేదు.

ఒక పెద్దాయన నాతో వాదించారు. మనుమలు కూడా ఇంటి పెద్దలను ఆదుకోవాలని పౌలుగారు తిమోతికి వ్రాయలేదా అని. వ్రాశారు, మొదటి లేఖ అయిదవ అధ్యాయంలోనే ఉంది. అదే అధ్యాయంలో మరికొంచెం క్రిందికి రండి. విధవరాండ్ర పేర్లు వ్రాసే పట్టీ ఒకటి క్రైస్తవ సంఘానికి ఉండేదని తెలుస్తుంది. ఎవరికి ఇంటివారున్నారు, ఎవరికి ఎవరూ లేరు అని సంఘం లెక్క చూసుకొనేది. మన దేశపు చట్టం సంగతీ వినండి. తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. అందులో “బిడ్డలు” అంటే కొడుకు, కూతురు, మనుమడు, మనుమరాలు; మైనర్లు ఆ లెక్కలోకి రారు. చట్టం దించిన బరువును మనం నాలుగవ ఆజ్ఞ పేరుతో పిల్లల నెత్తికెత్తుతున్నాం. “తల్లిదండ్రులను గౌరవించు” అన్న ఆ ఆజ్ఞ చిన్నపిల్లలకు మాత్రమే అనుకొనే నడివయసు కొడుకులు మన గుళ్ళలో చాలామంది ఉన్నారు. సీనాయి కొండ దగ్గర దానిని విన్నవారిలో గడ్డాలు నెరిసిన కొడుకులూ ఉన్నారు.

నా కార్యాలయంలో జ్ఞానస్నానాల రిజిస్టరు ఉంది, వివాహాల రిజిస్టరు ఉంది, భూస్థాపనల రిజిస్టరు ఉంది. మంచాన పడినవారికి, వారిని చూసుకొనేవారికి పట్టీ లేదు. ఒక నోటుబుక్కు కొని గీతలు గీశాను. ఉపదేశిగారు, మరియదళం సభ్యులు ఇల్లిల్లు తిరిగారు. పదకొండు ఇళ్ళు తేలాయి. వాటిలో నాలుగిళ్ళలో చూసుకొనేది పద్దెనిమిదేళ్ళు నిండని పిల్లలే. నేను పదేళ్ళుగా ఇక్కడే ఉన్నాను!

మధ్యలో ఒక మాట. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుండి వృద్ధాప్య పింఛను నెలకు 4,000 రూపాయలు చేశారు. పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 15,000 నిర్ణయించారు. దానికి వైద్యుల ధ్రువపత్రం కావాలి. ఈ అవ్వ చిన్న పింఛనే తీసుకొంటూ ఉండింది. కాగితాలు పట్టుకొని తిరిగే పెద్దవాళ్ళు ఇంటిలో లేరు. మీ విచారణలో ఇలాంటివారుంటే చదువుకొన్న యువకులను తోడు పంపండి.

ఇప్పుడు ఆ అమ్మాయి ఇంటిలో వారానికి నాలుగు రాత్రులు మరియదళం నుండి ఇద్దరేసి స్త్రీలు పడుకొంటున్నారు. మొదటి నెలలో ఇద్దరు మానేశారు, వాసన పడలేదన్నారు. వారిని నేను తప్పుపట్టలేదు, దుప్పట్లు ఉతికే పని ఒప్పుకొన్నారు. మేనమామ ఆదివారాలు రావడం మొదలుపెట్టాడు. కొన్నాళ్ళు వాకిట్లో కుర్చీ వేసుకొని కూర్చొని పోయేవాడు. ఇప్పుడు తల్లిని పక్కకు తిప్పుతాడు, జావ తాపుతాడు. మేనకోడలే నేర్పింది. ఆమె పది పాసై ఇంటర్మీడియట్ చదువుతున్నది. అవ్వ ఇంకా మంచంలోనే ఉంది. ఇప్పటికీ కొన్ని రాత్రులు విసుగు వస్తుందట. వచ్చినప్పుడు పక్కింటి తలుపు కొట్టమన్నాం, కొడుతున్నది.

నోటుబుక్కులో మరో ఇంట పద్నాలుగేళ్ళ మనుమడు, మతిమరుపు ముదిరిన తాత ఉన్నారు. ఆ ఇంటి గురువారం రాత్రి గడి ఎన్నాళ్ళకూ నిండకపోతే నా పేరే వ్రాసుకొన్నాను. తాతకు నేను గురువునని తెలియదు. నన్ను పాతకాలపు కరణం అనుకొని, పొలం గట్టు తగాదా మొదటి నుండి చెబుతాడు. నేను వింటూ, అప్పుడప్పుడు లెక్క వ్రాసుకొంటున్నట్లు తల ఊపుతూ కూర్చొంటాను. లోపలి గదిలో పిల్లవాడు తెల్లవారేదాకా నిద్రపోతాడు.