అభిమానికి అధికారమెంత?



నాయనా, 'మ్యాన్ ఆఫ్ స్టీల్' చిత్రమును గూర్చి నీవు వ్రాసి పంపిన అభిప్రాయమును సావధానముగ చదివితిని. చిన్ననాటినుండియు సూపర్‌మాన్ బొమ్మల కథలను నీవెంత ప్రీతితో చదివితివో నేనెరుగుదును గనుక, 2013లో వచ్చిన ఆ చిత్రము నిన్ను నేటికిని నొప్పించుచున్నదనిన నాకు ఆశ్చర్యము కలుగలేదు. ప్రేమ యున్నచోటనే కోపమును పుట్టును. అయితే ఆ కోపావేశమున నీవు మూలమును సంపూర్ణముగ విచారింపకయే మూలద్రోహమని తీర్పు చెప్పితివి. చెప్పి ఊరకుండక, దర్శకుడగు జాక్ స్నైడరును నోటికి వచ్చినట్లు దూషించితివి. ఈ రెండింటిని గూర్చి చెప్పక యుండుట నా వయస్సునకు తగదని తోచి ఇది వ్రాయుచున్నాను.

సూపర్‌మాన్ ఎన్నడును ప్రాణము తీయడు, ఈ చిత్రమున ప్రతినాయకుడగు జోడ్ మెడ విరిచినాడు, కావున ఇతడు సూపర్‌మాన్ కాడు: ఇది గదా నీ వాదము. ఏ సూపర్‌మానును ప్రమాణముగ పెట్టుకొని ఇట్లనుచున్నావు? 1938లో క్లీవ్‌లాండ్ పట్టణపు యువకులిద్దరు, జెర్రీ సీగెల్, జో షూస్టర్ అనువారు, 'యాక్షన్ కామిక్స్' మొదటి సంచికలో లోకమునకు చూపిన వీరుడు ఆకాశమున ఎగురనే యెగురడు. మైలులో ఎనిమిదవ వంతు దూరము ఒక్క గంతున దాటును, అంతియే. భార్యను కొట్టు భర్తకు దేహశుద్ధి చేయును. తరువాతి సంచికలలో, పనివాండ్ర ప్రాణములను లెక్కచేయని గని యజమానిని ఆతని గనిలోనే చిక్కుపడజేసి బుద్ధి చెప్పును. ఆ వీరుని బలమును హరించునని నీవు ప్రాణప్రదముగ చెప్పుకొను క్రిప్టోనైటు రేడియో నాటకములో 1943లో పుట్టినది. జిమ్మీ ఓల్సన్ అను పేరును ఆ రేడియోనుండియే వచ్చినది. నీవు మూలమని పూజించుచున్న దానిలో ఎంతో భాగము అనుసరణలు పెట్టిన భిక్షయే. మన యింటనే చూడుము: వ్యాసభారతమున బలరామునికి శశిరేఖ యను కూతురు లేదు, జనశ్రుతిలో పుట్టిన ఆ కథను 1957లో కె.వి. రెడ్డి 'మాయాబజార్'గ తీయగా, అది భారతమునకు ద్రోహమని తెలుగువారు ఎవ్వరును విలపింపలేదు.

చంపుట మాట కూడ విచారింతము. 1988లో జాన్ బర్న్ రచించి చిత్రించిన 'సూపర్‌మాన్' 22వ సంచికను నీవు చూడలేదు కాబోలు. అందు, ఒక భూమండలమునందలి ప్రాణికోటి నంతటిని సంహరించిన జోడునకును, ఆతని అనుచరులిద్దరికిని, సూపర్‌మానే క్రిప్టోనైటుతో మరణశిక్ష విధించును. మాటయు చేతయు రెండును ఆతనివే. కావున నీ మొదటి వాక్యము నిలువదు.

ఐనను నీ నొప్పి అబద్ధము కాదు. దాని కారణమును మాత్రము నీవు తప్పుచోట వెదకితివి. ఆ 1988 నాటి కథలో, శిక్ష విధించిన పిమ్మట ఆతని మనస్సు చెదరిపోవును. తాను భూమిపై నుండ తగనని నిశ్చయించుకొని, అంతరిక్షమున స్వయముగ వనవాసము చేయును. సంచికల వెంబడి సంచికలు ఆ పశ్చాత్తాపమును మోసినవి. చిత్రమున నేమి జరిగినదో జ్ఞాపకము చేసికొనుము. రైల్వే స్టేషనులో, గోడమూలను చిక్కిన ఒక కుటుంబము వైపునకు జోడ్ కన్నుల అగ్ని రేఖ అంగుళమంగుళముగ జరుగుచుండగా, వేరు దారిలేక సూపర్‌మాన్ ఆతని మెడ విరుచును. మోకాళ్లపై కూలి ఒక్క కేక పెట్టును. ప్రియురాలు లోయిస్ వచ్చి అక్కున చేర్చుకొనును. ఆ వేషము ధరించిన నటుడు హెన్రీ కావిల్ మొగమున ఆ క్షణమున కనబడు వేదన నిజమైనది, దానిని కాదనజాలను. కాని మరుసటి దృశ్యములోనే ఒక అమెరికా సేనాపతి యెదుట హాస్యము. ఆ పిమ్మట పత్రికా కార్యాలయమున నూతనోద్యోగము. ఆ పోరున కూలిన మహానగరమునకు, శిథిలముల క్రింద నలిగినవారికి, ఒక్క కన్నీటి బొట్టైనను లేదు. శిథిలములలో చిక్కుకొన్న యువతి చేయి విడువక, తానును చచ్చుటకు సిద్ధపడి నిలిచిన సంపాదకుడు పెర్రీ వైట్ ఆ చిత్రమున నాకు వీరుడుగ తోచినాడు. ఆ లోటును తీసినవారును గుర్తించిరి కాబోలు, 2016లో వచ్చిన తరువాతి చిత్రమున ఆ శిథిలముల ధూళిలోనికి బ్యాట్‌మానగు బ్రూస్ వేన్ పరుగెత్తుటతోనే ముఖ్యకథ నారంభించిరి.

అంతకంటె నన్ను కలచినది ఆ వీరుని పెంపుడు తండ్రి మరణము. 1978లో రిచర్డ్ డానర్ తీసిన చిత్రమున జొనాథన్ కెంట్ పొలమునొద్ద గుండె ఆగి కూలును. ఇంత శక్తి యుండియు తండ్రిని కాపాడలేకపోతిని గదా యని కుమారుడు సమాధియొద్ద కుమిలిపోవును. శక్తికిని హద్దు కలదని ఆ బాలుడు నేర్చినది అచ్చటనే. 2013 నాటి చిత్రమున సుడిగాలి వచ్చుచుండగా, కుక్కను విడిపించుటకై వెళ్లిన తండ్రి, కాలు దెబ్బతిని, వంతెన క్రింద నిలిచిన కుమారునివైపు చేయెత్తి, రావలదని సైగ చేయును. కుమారుడు నిలిచి చూచును. రక్షింపగలవాడు, రహస్యము బయటపడునను భయముచే రక్షింపకుండుట! జోడ్ మెడ విరిచినందుకు గాక, ఇట్లు నిలిచిపోయినందుకు నీవు కోపించి యుండినచో నేను నీ ప్రక్కన నిలిచెడివాడను. ఆ వీరుని స్వధర్మమునకు హాని జరిగినది ఆ వంతెన క్రిందనే యని నా నిశ్చితాభిప్రాయము.

ఇక దూషణ విషయము. అభిమానికి ప్రశ్నించు హక్కు కలదు, నొచ్చుకొను హక్కు కలదు. పరుని అవమానించు హక్కు ఏ ప్రేమయు ఈయదు. కోపమును సద్వినియోగము చేసినవారి కథ ఆ సూపర్‌మాన్ చరిత్రలోనే యున్నది. సీగెల్, షూస్టర్‌లు తమ సృష్టిపై సర్వహక్కులను 130 డాలర్లకు అమ్ముకొని, వార్ధక్యమున దరిద్రులై యుండగా, డానర్ చిత్రమునకు యత్నములు సాగుచున్న దినములలో, నీల్ ఆడమ్స్, జెర్రీ రాబిన్సన్ మొదలగు చిత్రకారులు వారి పక్షమున నిలిచి పోరాడిరి. ఆ హక్కులు గల కంపెనీ వారిరువురికి భరణ మొసగుటకును, సృష్టికర్తలుగ వారి పేర్లను మరల వేయుటకును అంగీకరించెను. ఆ ముసలివారిరువురు తమ పేర్లను తెరపై చూచుకొనగలిగిరి. అభిమానుల కోపము ఎవని కొరకు రగులవలెనో అందు తెలియుచున్నది.

కావున, నాయనా, ఆ 22వ సంచికను సంపాదించి చదువుము. 1978 నాటి చిత్రమును, 2013 నాటి చిత్రమును వరుసగ మరల చూడుము. పిమ్మట నీ అభిప్రాయమును తిరుగ వ్రాయుము. నీవు నాతో ఏకీభవింప నక్కరలేదు. స్నైడరు పేరు ప్రక్కన నీవు వ్రాసిన ఆ రెండు మాటలను మాత్రము ముందుగ కొట్టివేసి, అటుపై నాకు పంపుము.

ఇట్లు,
నీ మేనమామ