కోతకి బీమా లేదు

పోయిన నెల నాన్న ఫోన్ చేసి, "ఇంటి పాలసీ డేటు దగ్గరికొచ్చిందమ్మా, ఆన్‌లైన్‌లో కట్టేస్తావా?" అన్నాడు. మాది విశాఖ ఎంవీపీ కాలనీలో మూడో అంతస్తు ఫ్లాట్. హోమ్ లోన్‌తో పాటు బ్యాంకువాళ్లు అంటగట్టిన పాలసీ అది. లోన్ తీరిపోయి చాన్నాళ్లయింది, నాన్న మాత్రం పాలసీ మానలేదు. 2014 అక్టోబర్ 12, ఆదివారం, హుద్‌హుద్ మా ఊరి దగ్గర తీరం దాటింది. హాల్లో కిటికీ అద్దాలు ఒక్కొక్కటే పగులుతుంటే ముగ్గురం వంటింట్లో గట్టు కింద నక్కి కూర్చున్నాం. గాలి తగ్గాక బయటికొస్తే మా వీధిలో నిలబడున్న చెట్టు ఒక్కటీ లేదు. ఆ రోజు చూసినవాళ్లెవరూ ప్రీమియం దండగ అనరు.

ఈసారి డబ్బు కట్టేముందు షరతులన్నీ చదివాను, మొదటిసారి. 2021 ఏప్రిల్ నుంచి ఇళ్లకి 'భారత్ గృహ రక్ష' అనే ఉమ్మడి నమూనా పాలసీ వచ్చింది. తుఫాను, వరద, సునామీ, భూకంపం అన్నీ అందులో ఉన్నాయి. నేల కుంగినా ఇస్తారట. దాని పక్కనే మినహాయింపుల్లో ఓ చిన్న ముక్క ఉంది: తీరం కోతకీ, నది కోతకీ వర్తించదు.

కాకినాడ పక్కన ఉప్పాడ వెళ్లినవాళ్లకి ఆ ముక్క అర్థమవుతుంది. అక్కడ సముద్రం ఒక్కరాత్రి వచ్చి కూల్చి పోదు. ఏటా కొంచెం కొంచెం తింటుంది. ముందు పెరడు, తర్వాత గోడ, ఆ తర్వాత ఇల్లు. గాలి పగలగొట్టిన అద్దానికి డబ్బొస్తుంది కానీ, ఇంటి కింద నేలే పోతే రాదు. పెద్ద నష్టానికే రాకపోవడమేంటి అని మొదట కోపమొచ్చింది. తర్వాత ఆలోచిస్తే, బీమా అనే ఏర్పాటు నిలబడేదే దాని మీద అనిపించింది. ఎవరి ఇంటి మీద పడుతుందో తెలియదు కాబట్టే అందరం తలా కొంచెం వేసుకుంటాం. ఫలానా ఇల్లు పోవడం ఖాయమని తెలిశాక ఇక పంచుకోడానికేం మిగలదు.

జాన్ రాల్స్ 1971లో రాసిన 'ఎ థియరీ ఆఫ్ జస్టిస్'లో ఒక ఊహ ఉంది. సమాజంలో మనకే చోటు దక్కుతుందో తెలియకుండా, ఒక అజ్ఞానపు తెర వెనక కూర్చుని నియమాలు రాసుకోమంటాడు. అప్పుడు ఎవరికీ మరీ అన్యాయం జరగని నియమాలే రాస్తాం, ఆ అన్యాయం మనకే జరగొచ్చు కాబట్టి. రాల్స్ చెప్పింది బీమా గురించి కాదు. కానీ బీమాకి అలాంటి తెర ఒకటి దానంతటదే ఉండేది. ఇప్పుడు ఉపగ్రహాలు, కంప్యూటర్ నమూనాలు ఆ తెరని రోజురోజుకీ పలచన చేస్తున్నాయి. ఏ వీధి ఎంత ఎత్తులో ఉంది, ఏ ఇంటికి ఎంత ముప్పు అన్నది తెలిసేకొద్దీ 'మనం' చిన్నదైపోతోంది.

మా పెద్దమ్మ కూతురు టాంపాలో ఉంటుంది. కిందటేడు ఆమె ఇంటి పాలసీని కంపెనీ రెన్యూ చెయ్యలేదు. ఇంకో కంపెనీ ఇస్తానంది గానీ దాదాపు రెట్టింపు అడిగింది. ఫ్లోరిడాకిది కొత్త కాదు. 1992లో ఆండ్రూ తుఫాను తర్వాత అక్కడ కొన్ని కంపెనీలు దివాళా తీశాయి. బయట పాలసీ దొరకని ఇళ్ల కోసం 2002లో రాష్ట్రమే సిటిజన్స్ అనే సంస్థని పెట్టింది. దానికి పెద్ద లోటొస్తే రాష్ట్రంలో మిగతా పాలసీదార్ల మీద, కారు పాలసీ ఉన్నవాళ్లతో సహా, అదనపు వసూలు వేసే వీలుంది. ముందు గుమ్మంలోంచి పంపేసిన 'మనం' దొడ్డిదారిన లోపలికొచ్చిందన్నమాట.

దీనికి అవతలి వాదం గట్టిదే. సముద్రం కనబడే బాల్కనీ కావాలని కోటి పెట్టి కొనుక్కున్నవాడి ముప్పుని ఎక్కడో లోపలుండే అద్దె గుమస్తా ఎందుకు మొయ్యాలి? ధర నిజం చెప్పకపోతే తీరం పొడుగునా ఇంకా టవర్లు లేస్తాయి. నాకూ ఈ వాదం నచ్చేది. నచ్చడానికి కారణం కూడా చెప్పేయాలి. మా ఫ్లాట్ బీచ్ రోడ్డుకి కాస్త వెనక ఉంది. వీధి వీధికీ లెక్క తీస్తే లాభపడే బాపతు మేం.

కానీ అదే బీచ్ రోడ్డు పక్కన జాలరిపేట ఉంది. వాళ్లు 'వ్యూ' కోసం అక్కడ లేరు. పడవ ఎక్కడుంటే ఇల్లు అక్కడ. ధరకి వాళ్లూ, బాల్కనీవాడూ ఒకటే, ఒడ్డుకి ఎన్ని మీటర్లన్నదే లెక్క. పైగా మనం ఖాయం అంటున్న కోత అచ్చంగా ప్రకృతి పని కూడా కాదు. విశాఖలో ఔటర్ హార్బర్ గోడలు కట్టాక, దక్షిణం నుంచి ఉత్తరానికి నడిచే ఇసుకకి అడ్డం పడింది. అందుకే పోర్టు ఇసుక తవ్వి బీచ్‌లో పోయిస్తూ ఉంటుంది. ఓడరేవు లాభం ఊరందరిదీ, దేశానిదీ. కోత మాత్రం ఒడ్డునున్నవాడిది. ముప్పుకి తగ్గ ధర అంటున్నప్పుడు, ఆ ముప్పు ఎవరు తెచ్చిందన్న ప్రశ్న బిల్లులో ఏ గడిలోనూ ఉండదు.

హుద్‌హుద్ తర్వాత పాలసీ లేనివాళ్లకి అందిన బియ్యం, అంతో ఇంతో పరిహారం ప్రభుత్వం డబ్బు. అంటే అందులో ఎప్పుడూ తుఫాను చూడని అనంతపురం వాళ్ల పన్ను కూడా ఉంది. వాళ్ల కరువుకి మన పన్ను వెళ్తుంది. ఇదీ ఒక బీమానే, కాగితం లేదంతే. బాల్కనీవాడి దగ్గర ఎక్కువ తీసుకోవడం నాకు న్యాయంగానే తోస్తుంది. ఎంచుకున్నాడు కాబట్టి, కట్టగలడు కాబట్టి. జాలరిపేటని ఆ లెక్కలో వెయ్యడం తోచదు. ఆ తేడా చెప్పడం ఏ కంప్యూటర్ నమూనాకీ చేతకాదు, అది మనం కూర్చుని తేల్చుకోవాల్సిందే.

డబ్బు కట్టి నాన్నకి చెప్పాను. కోత సంగతి కూడా చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మరి మనకి చేపలు తెచ్చే ఎల్లమ్మకి ఇలాంటిదేమైనా ఉందంటావా?" అన్నాడు.

లేదు నాన్నా, అన్నాను.

"హుద్‌హుద్‌కి వాళ్ల పడవ పోయింది తెలుసా? మళ్లీ కొనడానికి నాలుగేళ్లు పట్టింది." ఆ నాలుగేళ్లూ ఆమె దగ్గరే చేపలు కొన్నాం. వారం వారం బేరమాడి.