చీడ అని ఎవరిని అనాలి?

మన త్రిపురాంతకం నుండి సముద్రం నూరు కిలోమీటర్లకు తక్కువ లేదు. మార్కాపురం, గిద్దలూరు వైపు పల్లెల్లో సముద్రాన్ని ఒక్కసారైనా చూడని పెద్దలు ఇంకా ఉన్నారు. అటువంటి వారి ముందు ఆల్చిప్పల గురించి, పగడపు దిబ్బల గురించి, వాటిని పీడించే ప్రాణుల గురించి మాట్లాడటం ఏమిటని కొందరు అనుకోవచ్చు. కానీ మనలో చాలామంది ఓనమాలు దిద్దిన మార్కాపురం పలక, వంద కోట్ల సంవత్సరాలకు పూర్వం సముద్రం అడుగున పేరుకున్న బురదే. ఆ పలకను ఎంత పలుచగా చీల్చినా అందులో గవ్వ దొరకదు, చిప్ప దొరకదు. గుల్ల కట్టుకొనే ప్రాణి అప్పటికింకా పుట్టనే లేదు. కాబట్టి సముద్రం మనకు మరీ పరాయిది కాదు. ఇక చీడ అన్న మాట సంగతి మన రైతుకు ఎవరూ నేర్పనక్కర లేదు.

2021-22లో మిరప వేసినవారికి నల్ల తామర పురుగు గుర్తుండే ఉంటుంది. ఆగ్నేయాసియా దేశాల నుండి వచ్చిన ఆ చిన్న పురుగు పూతలో దూరి కాపు లేకుండా చేసింది. ఒక మందు పని చేయకపోతే మరొకటి, అది కాకపోతే రెండూ కలిపి కొట్టారు. పురుగు మిగిలింది, దాన్ని తినే మేలు పురుగులు పోయాయి, అప్పు మిగిలింది. ఆ ఏడాది ఏ ఇంట చూసినా ఒకటే మాట: చీడ. ఆ మాట దేనికి పేరు? పురుగు స్వభావానికా, మన నష్టానికా? తత్వశాస్త్రం చదువుకొన్నవారు ఈ ప్రశ్నను తేలికగా వదలరు. నేనూ వదలలేక, దీనిని పొలం నుండి కాస్త దూరంగా, మన రాష్ట్రపు తీరానికే తీసుకుపోయి చూడదలచాను. మన సొంత నష్టం కంటికి అడ్డు లేనిచోట ఆలోచన కొంత తేటగా సాగుతుంది.

విశాఖపట్నం ఓడరేవులో 1967లో ఒక కొత్త ఆల్చిప్ప కనిపించింది. పొడవు అంగుళానికి అటూ ఇటూ. రాళ్లకు, గోడలకు, ఓడల అడుగులకు దారాల వంటి పోగులతో అంటుకొని గుత్తులు గుత్తులుగా పెరుగుతోంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్ర ఆచార్యులు పి.ఎన్. గణపతి గారు, వారి సహచరులు దానిని పరీక్షించి 1971లో వివరాలు ప్రకటించారు. దాని సొంత ఊరు మెక్సికో సింధుశాఖ, కరీబియన్ సముద్ర తీరం. అంటే భూగోళానికి దాదాపు అవతలి వైపు. ఉప్పునీరైనా, మంచినీరు కలిసిన నీరైనా, మురికినీరైనా దానికి ఒకటే. నెల తిరిగేసరికి పిల్లలు పెట్టే ఈడుకు వస్తుంది. అది దిగినచోట అంతకుముందున్న జీవాలకు నిలువ నీడ ఉండదు. విశాఖలో అదే జరిగింది. తరువాత బొంబాయి నౌకా రేవులోనూ తేలింది.

ఇదే చిప్ప తన సొంత తీరంలో పది జాతుల నడుమ పదకొండవది. అక్కడ దానిని తినేవి ఉన్నాయి, దానితో చోటు కోసం పోటీపడేవి ఉన్నాయి. కరీబియన్ నుండి విశాఖకు వచ్చేసరికి దాని శరీరంలో ఒక్క పోగు కూడా మారలేదు, మారినది చుట్టూ ఉన్న లోకం. కనుక చీడ అన్నది గుణవాచకం కాదు, సంబంధవాచకం. బావ, మరిది అన్నట్టే. ఎవరికి అని అడగనిదే ఆ మాటకు అర్థం లేదు.

పునీత అగుస్తీను గారికి మనికేయులతో వచ్చిన తగవు ఇదే. హాని చేసే ప్రాణులు మంచి దేవుని చేతి నుండి వచ్చాయంటే ఆ మనికేయులు ఒప్పుకోలేదు. దానికాయన కమ్మరి కొలిమి వంటి పోలిక చెప్పాడు. పని తెలియనివాడు పనిమంతుని కొట్టంలోకి వెళ్లి, తనకు తెలియని పనిముట్టు మీద చేయి వేసి కోసుకొని, ఈ ఇనుప ముక్కలన్నీ పనికిరానివి, చెడ్డవి అంటాడు. పనిమంతుడు నవ్వుకొంటాడు. తోమాసు అక్వీనాసు గారు ఇంకొక అడుగు ముందుకు వేశారు. ఆదాము పాపం చేయకముందు సింహాలు గడ్డి మేసేవని, డేగలు గింజలు ఏరుకొనేవని చెప్పేవారి వాదం ఆయనకు నచ్చలేదు. మనిషి పాపం వల్ల మృగాల స్వభావం మారలేదని తేల్చారు. ఈ మాట మన ప్రసంగాలలో మరింత తరచుగా వినపడవలసింది.

ఎందుకంటే మా వృత్తివారికి ఒక పాత జబ్బు ఉంది. 1731లో హాలండు దేశంలో సముద్రాన్ని ఆపే కట్టల ముందు పాతిన దుంగలు లోపల గుల్లబారి ఉన్నాయని కనుగొన్నారు. పడవల కర్రను తొలిచే ఓడపురుగు వాటిని తినివేసింది. పేరుకు పురుగే గాని అదీ ఆల్చిప్పల జాతిదే. దాని తల దగ్గరి రెండు చిన్న చిప్పలే తొలిచే పనిముట్లు. నేల సముద్ర మట్టానికి దిగువన ఉన్న దేశంలో కట్ట తెగితే ఊళ్లకు ఊళ్లు పోతాయి. అప్పుడు అక్కడి బోధకులు ఎందరో ఇది ప్రజల పాపాలకు దేవుడు పంపిన శిక్ష అని ప్రసంగించారు. ప్రజలు ప్రార్థించారు, కట్టలకు రాతి పేర్పు కూడా వేశారు. ఓడపురుగు రాతిని తినలేదు. అదే పురుగు మడ అడవుల్లో పడిపోయిన మానులను పొడి చేసి చేపలకు, రొయ్యలకు బ్రతుకుతెరువు కల్పిస్తుంది. ఫిలిప్పీన్సులో దానిని తీసి, పులుపు చల్లుకొని తింటారు. ఒకనికి దేవుని శాపం, మరొకనికి నంజుడు.

అయితే సంబంధవాచకం అన్నంత మాత్రాన చీడ అబద్ధమైపోదు. అప్పు ఇచ్చినవాడు అన్నదీ సంబంధవాచకమే. వాడు గుమ్మం ముందు నిలబడితే నిజంగానే ఉంటాడు. కాకినాడ అఖాతంలో నడుములోతు నీటిలో దిగి చిప్పలు ఏరి బ్రతికిన కుటుంబాలున్నాయి. చిప్పల పడకల మీద పడే ఒక రకం నత్త ఉంది. అది గట్టి చిప్ప మీద కూర్చుండి, కాస్త ఆమ్లం పూసి, ఆకురాయి వంటి నాలుకతో గీకి, సన్నని బెజ్జం పెట్టి లోపలి మాంసం తింటుంది. ఏరుకొనే ఆమె, నత్త – ఇద్దరూ ఒకే చిప్పను కోరుతున్నారు. ఆమె తన పిల్లల కోసం నత్తను తీసి పారవేస్తే తప్పు పట్టడానికి నాకు నోరు రాదు. చిప్పలకు, నత్తలకు మెదడు అనదగినది లేదు, నరాల ముడులు మాత్రమే. బ్రిటను దేశం 2022లో చేసిన చట్టం బాధ తెలిసిన ప్రాణుల లెక్కలో పీతలను, రొయ్యలను, అష్టపాదులను చేర్చింది గాని ఆల్చిప్పను చేర్చలేదు. కనుక ఇక్కడ ముఖ్యమైన ప్రశ్న క్రూరత్వం గురించి కాదు. ఎంతవరకు, ఏమి పోగొట్టుకొని చంపవచ్చును అన్నది.

కోపంతో చేసిన పని ఎట్లా ఉంటుందో పూర్వం పాశ్చాత్య దేశాల చిప్పల పెంపకందారులు చూపించారు. చిప్పలను తినే సముద్ర నక్షత్రాలను పట్టి, కత్తితో ముక్కలు చేసి, తిరిగి నీటిలోనే విసిరేవారు. నడిమి బిళ్లలో కొంత అంటిపెట్టుకొని ఉంటే ఆ ముక్క మరల నిండు నక్షత్రంగా పెరుగుతుంది. అమెరికాలో రాబర్టు పెయిను అనే శాస్త్రవేత్త ఒక రాతి తీరం నుండి నక్షత్రాలను ఏరివేయించి, 1966లో ఫలితం వ్రాశాడు. శత్రువు పోయేసరికి ఒకే జాతి ఆల్చిప్ప బండనంతా ఆక్రమించింది. పదిహేను జాతులున్న చోట ఎనిమిది మిగిలాయి. ఆస్ట్రేలియా పగడపు దిబ్బలలో ముళ్ల కిరీటం అని పేరు పడిన నక్షత్రం ఉంది. ఆ పేరు వింటే మనకు వేరే సంగతి తలపుకు వస్తుంది గాని, దాని ఒంటినిండా ముళ్లు ఉన్నందుకే ఆ పేరు. అది పరాయిది కాదు, పగడాలతో కలిసి పుట్టి పెరిగినదే. కొద్దిగా ఉన్నప్పుడు తొందరగా పెరిగే పగడాలను తిని, మెల్లగా పెరిగే వాటికి చోటిస్తుంది. 1962 నుండి దండులుగా వచ్చిపడటం చూస్తున్నారు. ఒక్క ఆడదే ఒక కారులో కోట్ల గుడ్లు విడుస్తుంది. పొలాల ఎరువు నదుల వెంట సముద్రం చేరితే నీటిలో పాచి పెరిగి దాని పిల్లలకు మేత ఎక్కువవుతుందని, దానిని తినే పెద్ద శంఖాలను మనుషులు అందం కోసం ఏరుకుపోయారని శాస్త్రజ్ఞులు కారణాలు చెబుతున్నారు. ఇప్పుడు ఈతగాళ్లు నీటిలో మునిగి ఒక్కొక్క దానికి సూది వేస్తున్నారు: పశువుల పైత్యరసమో, సామాన్యమైన వెనిగరో. ఒక్కొక్కటిగా చంపడం ఖర్చు, ఆలస్యం. కానీ పక్కనున్న పగడానికి గీత పడదు. నాకు ఆ పద్ధతి మీద గౌరవం ఉంది.

దీనికి ఎదురుగా డార్విను పట్టణం సంగతి పెట్టి చూడండి. విశాఖలో చేరిన ఆ కరీబియన్ చిప్పే 1999 మార్చిలో ఆస్ట్రేలియా ఉత్తర తీరాన డార్వినులోని పడవల రేవులో బయటపడింది. ఆ రేవులకు నీటి తలుపులు ఉన్నాయి. అధికారులు వాటిని మూయించి, మూడు రేవుల నీటిలో క్లోరిను, మైలుతుత్తం కలిపారు. ఏప్రిలు గడిచేలోపు ఆ చిప్ప ఒక్కటీ లేదు. ఆ నీటిలో ఉన్న చేప, పీత, నత్త, నాచు కూడా లేవు.

ఇది న్యాయమా? ఒకే పనికి రెండు ఫలితాలు ఉన్నప్పుడు మన నీతిశాస్త్రం కొన్ని ప్రశ్నలు అడుగుతుంది. చెడు ఫలితాన్ని కోరుకొన్నారా? లేదు. చెడు ద్వారా మంచిని సాధించారా? లేదు, చేపలు చావడం వల్ల చిప్పలు చావలేదు. దక్కిన మేలు పోయినదానికి తగినంత పెద్దదా? ఒక దేశపు ఉత్తర తీరం, అక్కడి ముత్యపు చిప్పల పరిశ్రమ ఒకవైపు. తలుపులు మూసిన మూడు మడుగులు, వాటిలోకి సముద్రం నుండి మరల జీవం వచ్చే వీలు మరొకవైపు. తగినంత పెద్దదే అని నా అభిప్రాయం. తలుపులు లేని రేవులో అదే మందు పోసి ఉంటే మాత్రం నేను ఆ మాట అనను. విశాఖకు తలుపులు లేవు. మన మిరప చేలకూ లేవు. అక్కడ కొట్టిన మందు వానకు కడిగి వాగులో పడి, గుండ్లకమ్మలో కలిసి, ఒంగోలు దాటి సముద్రంలోకే పోతుంది.

ఇంకొక సంగతి నన్ను ఎక్కువగా వేధిస్తుంది. ఆ చిప్ప నడిచి రాలేదు. ఓడ అడుగున అంటుకొనో, బరువు కోసం ఓడలో నింపుకొన్న నీటిలో పిల్లగా తేలుతూనో వచ్చింది. చీడ అన్న పేరు పెట్టగానే నేరమంతా చిప్పదైపోతుంది, తెచ్చినవాడు మాటలోకే రాడు. 1967లో ఆ ఓడ ఏదో, దాని యజమాని ఎవరో అడిగినవారు లేరు. అప్పటికి అది తొలగించుకోలేని అజ్ఞానం అనుకొందాం. అటువంటి అజ్ఞానాన్ని పాపం అనము. డార్విను తరువాత ఆ సాకు చెల్లదు. ఓడల నీటిని శుద్ధి చేయాలన్న అంతర్జాతీయ ఒడంబడిక 2004లో వ్రాసుకొన్నారు. అది అమలులోకి రావడానికి 2017 సెప్టెంబరు దాకా పట్టింది. తెలిసి జాగు చేసిన ఆ పదమూడు సంవత్సరాలను ఏ అజ్ఞానం కింద వేయాలి?

2019లో కొచ్చి కాలువలలో మరొక కొత్త ఆల్చిప్ప సంగతి ప్రకటించారు, ఇది అమెరికా ఖండపు ఉష్ణ తీరాలది. కేరళలోనే అష్టముడి సరస్సులో, మద్రాసు పక్కన ఎన్నూరు ఏటిలో కూడా అది అడుగంతా చాప పరచినట్టు కమ్ముకొంది. ఎన్నూరులో బురదలో చేయి పెట్టి రొయ్యలు పట్టుకొనేవారికి ఇప్పుడు చేతికి చిప్పల అంచులు తగులుతున్నాయి. ఓడ ఢీకొట్టి వల తెగితే పరిహారం అడగటానికి చట్టం ఉంది, చమురు ఒలికితే ఉంది. కంటికి కనిపించని పిల్లచిప్ప ఒలికితే ఏ ఓడ మీద, ఏ కోర్టులో దావా వేయాలో ఆ రొయ్యలు పట్టేవారికి చెప్పగలవారు లేరు. నష్టం చేసినవాడు ఎదురుగా లేనప్పుడు పరిహారం ఎవరి బాధ్యత అని నీతిశాస్త్రం తరగతిలో చర్చించుకొనేవాళ్లం. ఆ సరుకు వల్ల లాభపడిన వారందరూ కలిసి మోయాలి అన్నది ఒక పక్షం. నేను ఆ పక్షమే. ఆ ఓడలలో దిగే వంటనూనె త్రిపురాంతకంలో కూడా కొంటున్నాము.