ఏడాది కౌలు

పాలమూరు వైపు ఒక ఊళ్ళో ఒక ఆసామికి 8 ఎకరాల ఎర్ర చెలక ఉండేది. ఆయన దుక్కి మానేసి చాలాకాలమైంది. ఏటా ఉగాది దాటగానే, ఎవరు ఎక్కువ పాడితే వారికి ఏడాదికి కౌలుకిచ్చేవాడు. వచ్చినవాళ్ళు ఒకరు జొన్న వేసేవారు, ఇంకొకరు ఆముదం వేసేవారు. గింజ ఇంటికి, చొప్ప పశువులకు, ఎండిన మోళ్ళు పొయ్యిలోకి పోయేవి. పెంట తోలినవాడు మాత్రం లేడు. తోలితే ఆ సారమంతా మరుసటి ఏడు వచ్చేవాడికే దక్కుతుందని అందరికీ తెలుసు.

అలా పదేళ్ళు గడిచేసరికి నేల గట్టిపడింది. తొలకరి పడితే పైపొర అట్టకట్టేది, నీళ్ళు లోపలికి దిగక మట్టిని వెంటబెట్టుకుని వాగులో కలిసేవి. కౌలు పాట ఏటేటా పడిపోయింది. ఆసామి కౌలుదారులను సోమరులని తిట్టుకునేవాడు.

ఒక ఏడు పాటకు ఎవరూ రాలేదు. చివరికి రెండు గేదెలున్న రైతు ఒకడు వచ్చాడు. కిందటేటి కౌలే ఇస్తానన్నాడు గానీ 6 ఏళ్ళకు కాగితం రాయమన్నాడు. ఆసామి గతిలేక 4 ఏళ్ళకు ఒప్పుకున్నాడు, అదీ నోటిమాటగానే.

రైతు 6 ఎకరాల్లో అందరిలాగే జొన్న, ఆముదం వేశాడు. ఎగువన వాలుగా ఉన్న 2 ఎకరాల్లో స్టైలో గడ్డి చల్లాడు. గడ్డి అంటారు గానీ అది కందికి, పెసరకు చుట్టం. వేరు బుడిపెల్లో గాలిలోని నత్రజనిని పట్టుకుంటుంది, ఆ వేర్లు కుళ్ళినప్పుడు అది నేలకు దక్కుతుంది. ఒకసారి నిలదొక్కుకుంటే కొన్నేళ్ళపాటు కోసుకోవచ్చు. ఆ నిలదొక్కుకోవడంతోనే వచ్చింది చిక్కు. గింజ పెంకు గట్టిదని వేడినీళ్ళలో ముంచి తీసి మరీ చల్లినా, మొదటి ఏడు కలుపే ముందు లేచింది. ఆసామి గట్టు మీద నిలబడి చూసి, 2 ఎకరాలు బీడు పెట్టాడని ఊరంతా చెప్పాడు. నిజానికి ఆ ఏడు ఎవరు చూసినా అదే అనేవారు. 6 ఎకరాల పంట మీద 8 ఎకరాల కౌలు కట్టడానికి రైతు అప్పు చేశాడు.

రెండో ఏడు ఆ 2 ఎకరాలూ దుక్కీ విత్తూ లేకుండానే తొలకరికి చిగిర్చాయి. గేదెలకు పచ్చిమేత దొరికింది, పాలు పెరిగాయి, పెంట పోగైంది. వచ్చే ఏడూ చేను తన కిందే ఉంటుంది గనక ఆ పెంటను జొన్న చేలోకే తోలాడు. మూడో ఏడు పెద్ద వాన పడ్డప్పుడు ఎగువ నీళ్ళు గడ్డి మొదళ్ళలో ఆగి నింపాదిగా ఇంకాయి. నాలుగో ఏడు ఆ గడ్డిని దున్ని జొన్న వేశాడు. కౌలు పొడిగిస్తాడన్న ధీమాతో పక్కనున్న 2 ఎకరాల్లో మళ్ళీ స్టైలో చల్లాడు. ఎగువ జొన్న ఒత్తుగా, నల్లపచ్చగా లేచింది. దారిన పోయేవాళ్ళు ఆగి చూశారు.

ఆసామి కూడా చూశాడు. గడువు తీరగానే మళ్ళీ పాట పెట్టాడు. కొత్తవాడొకడు రెట్టింపు పాడి, లేత గడ్డినంతా దున్నేసి 8 ఎకరాల్లోనూ జొన్న వేశాడు. ఆ ఏడు పంట బాగా పండింది. ఆ తర్వాత వచ్చినవాడికి ఫరవాలేదనిపించింది. మరికొన్నేళ్ళకు నేల మళ్ళీ అట్టకట్టింది, పాటకు మళ్ళీ ఎవరూ రాలేదు.

ఆసామి పాత రైతును వెతుక్కుంటూ పొరుగూరు వెళ్ళాడు. అక్కడ అతను వేరొకరి చెలక కౌలుకు చేస్తున్నాడు. ఆ చెలకలో గట్టు నుంచి గట్టు దాకా ఆముదమే ఉంది. గడ్డి మొక్క లేదు, పెంట తోలిన జాడ లేదు. విచారిస్తే ఆ కౌలు ఏడాదికేనని తెలిసింది.

నీతి: రెండు చెలకల్లోనూ ఉన్నది ఒకే రైతు, మారింది అతని చేతిలో ఉన్న ఏళ్ళ లెక్క. ధాన్యం పంటల నడుమ మూడేళ్ళు గడ్డి పెంచమని కౌలు రైతుకు చెప్పేవాళ్ళు, ఆ మూడేళ్ళు అతనికి రాసిచ్చేది ఎవరో ముందు భూమి గలవారిని అడగాలి.