సౌందర్యం - దాని వెల

సౌందర్యాన్ని చూసి ఆనందించడంలో తప్పొప్పుల ప్రసక్తి లేదని మనలో చాలామంది నమ్మకం. పక్షిని వేటాడితే హింసగాని, ఫొటో తీస్తే ఏం హింస అంటాం. నేనూ అలాగే అనేవాణ్ణి.

ఫిబ్రవరి చివర ఒక ఉదయం కొల్లేటికి వెళ్లాను. చలికాలం గడపడానికి సైబీరియా నుంచీ, మధ్య ఆసియా నుంచీ వచ్చిన బాతులు తిరుగుప్రయాణానికి సిద్ధమయ్యే రోజులవి. సూదిలాంటి తోకలున్న బాతుల గుంపొకటి నీళ్లమీద కునుకు తీస్తున్నది. కునికే గుంపు మంచి ఫొటో కాదు. దోనె నడిపే ముసలాయన నా ముఖం చూసి, "పిట్టల్ని లేపమంటారా బాబూ?" అన్నాడు. తల ఊపాను. ఆయన గెడతో నీళ్లను కొట్టాడు. వందల రెక్కలు ఒక్కసారిగా లేచాయి. ఫొటో అద్భుతంగా వచ్చింది.

దాన్ని కాలేజీ గోడకు తగిలిస్తే అందరూ మెచ్చుకున్నారు. ఒక విద్యార్థి మాత్రం, "బాతులెందుకు లేచాయి సార్? మీ దోనె ఎవరు నడిపారు?" అని అడిగాడు.

మొదటి ప్రశ్నకు జవాబు నాకు సిగ్గు కలిగించింది. వలసకు ముందు బాతులు బాగా మేసి ఒంట్లో కొవ్వు నిల్వ చేసుకుంటాయి. వేల మైళ్ల ప్రయాణానికి అదే వాటి దారిబత్తెం. బెదిరి లేచిన ప్రతిసారీ అందులో కొంత ఖర్చవుతుంది. ఒక్కసారికి కొంపేం మునగదు; కాని కెమెరా నా ఒక్కడి దగ్గరే ఉందా? ఆ బత్తెంలోంచి ఒక ముద్ద లాక్కుని, దానికి కళ అని పేరు పెట్టుకున్నాను.

రెండో ప్రశ్న ఇంకా లోతైనది. నా ఫొటోలో కొల్లేరు మనిషి అడుగుపెట్టని స్వర్గంలా ఉంది. అది అబద్ధం. అక్కడ లంక గ్రామాలున్నాయి. తరతరాలుగా చేపలు పట్టి బతికేవాళ్లున్నారు. 1970ల దశకంలో పేదల సహకార సంఘాల పేరున చేపల చెరువులు వెలిశాయి. క్రమంగా అవి లీజుల మీద డబ్బున్నవాళ్ల చేతుల్లోకి పోయాయి. 1999లో సరస్సును అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అది రామ్‌సర్ జాబితా కెక్కింది. 2006లో చెరువుల గట్లు తెగ్గొట్టినప్పుడు, వాటిమీద బతికే పేదల కూలి కూడా పోయింది. ఈ చరిత్ర తెలియనివాడు నా ఫొటో చూస్తే, పక్షులకు శత్రువులు అక్కడి జనమే అనుకుంటాడు. లాభం గుంజిన చేయీ, గెడ పట్టిన చేయీ అతనికి ఒక్కటే.

అయితే కెమెరా అవతల పారేయాలా? ఆకలి ఉన్నంతకాలం పక్షుల అందం బూర్జువా విలాసమేనా? అలా అనే మిత్రులున్నారు. నేనొప్పుకోను. బాతులు లేచినప్పుడు ఆ ముసలాయన గెడ ఆపి, తలెత్తి, అవి కనుమరుగయ్యేదాకా చూశాడు. అందం ఆయనకు పరాయిది కాదు. ఆయనకు లేనిది తీరిక. ఆ తీరిక అందరికీ దక్కాలనే గదా మన పోరాటం!

అందాన్ని కోరడం తప్పు కాదు. దాని వెల ఇతరులచేత కట్టించి, వాళ్లను బొమ్మలోంచి తీసేయడం తప్పు. ఈసారి వెళితే దోనె దూరంగా ఆపిస్తాను. బాతులు వాటంతటవి లేచేదాకా కూచుంటాను. లేవకపోతే కునికే బాతుల ఫొటోయే తెస్తాను. నేను కాచుకున్నంతసేపూ ముసలాయన వేట పోతుంది కాబట్టి, దానికి తగిన కూలి ముందే మాట్లాడుకుంటాను. ఆయన ఒప్పుకుంటే, గెడ పట్టుకుని ఫొటోలో ఆయన కూడా ఉంటాడు.