అత్తమ్మ చేతికి వేపపూత

సిద్దిపేట దగ్గర ఒక ఊరు. ఆ ఊరి అన్నదమ్ములిద్దరు హైదరాబాదులో స్థిరపడ్డారు. పెద్దవాడి ఇల్లు అమీర్‌పేటలో, బల్కంపేట ఎల్లమ్మ గుడికి పోయే దారిలో, మూడో అంతస్తు. చిన్నవాడిది పంజాగుట్ట ద్వారకాపురి కాలనీ. మెట్రోలో అయితే అమీర్‌పేట తర్వాతి స్టేషనే పంజాగుట్ట. అయినా రెండు కుటుంబాలూ ఒకచోట కూర్చుని తినేది ఏడాదికి ఒక్కసారి, ఉగాదికే. ఆ భోజనం పెద్దకోడలిది. ఊళ్లో ఉండే తల్లి పండగ ముందురోజు జూబ్లీ బస్టాండులో దిగుతుంది.

2025లో విశ్వావసు ఉగాది మార్చి 30న, ఆదివారం వచ్చింది. పెద్దకోడలు బ్యాంకు ఉద్యోగి. ఆర్థిక సంవత్సరం చివరి రోజులు కాబట్టి సెలవు దొరకలేదు. అయినా శుక్రవారం సాయంత్రమే ఎర్రగడ్డ రైతుబజారుకు వెళ్లి కూరగాయలు, మామిడికాయలు, కొత్త చింతపండు తెచ్చింది. శనివారం రాత్రి ఫుట్‌పాత్ మీద మామిడాకులు, వేపపూత, కొత్త కుండ కొంది. ఫ్రిజ్ తలుపుకి చీటీ అతికించింది. అందులో పద్నాలుగు రకాలు.

తెల్లవారుజామున నాలుగింటికి లేచేసరికి అత్తగారు అప్పటికే తలస్నానం చేసి వంటింటి గడప దగ్గర నిలబడి ఉంది.

"నాకేమన్న పని చెప్పు బిడ్డా."

"వద్దత్తమ్మా. ఏడాదికోసారి వస్తవ్. నువ్వు కూసో, నేను చూస్కుంట."

ప్రేమతోనే అంది. ఆరింటికి అత్తగారు మళ్లీ అడిగింది, మళ్లీ అదే జవాబు. తొమ్మిదింటికి తోడికోడలు వచ్చి కొంగు బిగించబోతే, "ఇయ్యాల నువ్వు మా ఇంటికి చుట్టానివి" అని హాల్లోకి పంపేసింది. అత్తగారు మూడోసారి అడగలేదు. ఒళ్లో చేతులు పెట్టుకుని, సోఫా అంచున కూర్చుని, టీవీలో పంచాంగ శ్రవణం చూస్తూ ఉండిపోయింది. యాభై ఉగాదులకు బక్షాలు చేసిన చేతులవి.

బక్షాల పూర్ణానికి శనగపప్పు వేళ్ల మధ్య నొక్కితే విరగాలి గాని మెత్తగా అయిపోకూడదు. మూడు పొయ్యిల మీద మూడు గిన్నెలు ఒక్కతే చూసుకుంటుంటే కుక్కర్ ఈలల లెక్క తప్పింది. పప్పు ముద్దయిపోయింది, బెల్లం కలిపేసరికి పూర్ణం జారిపోయింది. పెనం మీద వేసిన బక్షం వేసినట్టే చిట్లి, బెల్లం కారి, మాడి, ఇల్లంతా పొగ. సన్నని మంట మీద గరిటె నిలబడేదాకా కలిపి, అప్పటికీ గట్టిపడకపోతే రెండు గుప్పిళ్ల పుట్నాల పొడి వేస్తే సరిపోయేది. ఆ సంగతి తెలిసిన మనిషి పది అడుగుల దూరంలోనే ఉంది. ఎవరూ అడగలేదు.

విస్తళ్లు వేసేసరికి మధ్యాహ్నం మూడు. పిల్లలు అప్పటికే బిస్కెట్లతో కడుపు నింపుకున్నారు. అందరికీ వడ్డించి, ఎంత పిలిచినా కూర్చోకుండా, పెద్దకోడలు అయిదింటికి వంటింటి గట్టు దగ్గర నిలబడి ఇంత పులిహోర తింది.

చీకటి పడుతుండగా అత్తగారు సంచి సర్దుకుంది.

"వారం ఉంటనన్నవ్ గదా? నేనేం తక్కువ చేసిన అత్తమ్మా?" పెద్దకోడలి కళ్లు నిండాయి.

"తక్కువేం చెయ్యలే బిడ్డా. అందరి విస్తట్ల అన్ని పెట్టినవ్. నా చేతులే ఖాళీగున్నయ్."

ఆ మాటకి పెద్దకోడలు నొచ్చుకుంది. ఇంత చాకిరీ చేస్తే దక్కింది ఇదా అనుకుంది. ఆషాఢంలో బోనాలకు పుట్టింటికి వెళ్లినప్పుడు తమ్ముడి భార్య ఎదురొచ్చి, "నువ్వు కూసో వదినా, నేను చూస్కుంట" అంది. ఏ డబ్బాలో ఏముందో కళ్లు మూసుకుని చెప్పగలిగిన ఇంట్లో, ఆమె రెండు గంటలు కుర్చీలో కూర్చుంది. తన ఇంటికి తనే చుట్టమైపోయినట్టు అనిపించింది. అత్తగారు సోఫా అంచున ఎందుకు అలా కూర్చుందో అప్పుడు తెలిసింది.

2026 ఉగాది మార్చి 19, గురువారం. పరాభవ నామ సంవత్సరం, పేరు విని కొందరు దిగులుపడ్డారు కూడా. పెద్దకోడలు వారం ముందే అందరికీ ఫోన్లు చేసింది. ఉగాది పచ్చడికి కొత్త చింతపండు తోడికోడలు నానబెట్టి, పిసికి పులుసు తీసి తేవాలి. బెల్లం మరిది తరగాలి. అమీర్‌పేట హాస్టల్లో ఉండి కోచింగ్ తీసుకుంటున్న ఆడపడుచు కొడుకు మామిడికాయ ముక్కలు కొయ్యాలి. ఉప్పు, కారం పిల్లలు వెయ్యాలి. భర్తకు కొబ్బరి తురమడం, విస్తళ్లు వెయ్యడం, తర్వాత తియ్యడం. చీటీలో రకాలు పద్నాలుగు నుంచి ఆరుకి దిగాయి.

అత్తగారు రాగానే హాల్లో పాత పేపరు పరిచి, వేపరెమ్మలు ఆమె ముందు పెట్టింది. అత్తగారు రెమ్మ నుంచి పూత దూసి, రెండు అరచేతుల మధ్య మెల్లగా నలిపి, చేటలో పోసి చెరిగింది. తొడిమలు, ఈనెలు ఒక పక్కకి పోయి, తెల్లని రేకలు ఒక పక్క నిలిచాయి. మనవరాలు పక్కన కూర్చుని నేర్చుకుంది. తర్వాత పూర్ణం దగ్గరికి అత్తగారినే పిలిచారు. చెయ్యి వణుకుతోంది, బక్షాలు గుండ్రంగా రాలేదు. మామిడి ముక్కలు పెద్దవయ్యాయి, కట్టు చారులో ఉప్పు కాస్త ఎక్కువైంది. ఒంటిగంటకల్లా అందరూ తిన్నారు. పెద్దకోడలు పంక్తిలో, అత్తగారి పక్కన కూర్చుని తింది. ఆమె పెళ్లై పదహారేళ్లు. ఆ ఇంట్లో ఉగాది పూట కూర్చుని తినడం అదే మొదటిసారి.

అత్తగారు పన్నెండు రోజులు ఉంది.

ఈ కథలో నీతి ఇది. విస్తరి వేస్తే మనిషి చుట్టం, పని చెబితే ఇంటి మనిషి. వద్దు కూర్చోండి అనడం మర్యాదేనని మనం నమ్ముతాం. బయటివాళ్ల విషయంలో అది నిజమే. సొంత మనుషులకు మాత్రం అది తలుపు వేసినట్టు వినిపిస్తుంది. ఒంటిచేత్తో చేసినవాళ్లకి మిగిలేది నడుం నొప్పి, చల్లారిన అన్నం, పైగా ఎవరూ సాయం చెయ్యలేదన్న బాధ.

అందరికీ ఒకే లెక్క వర్తించదు. బతుకంతా పొయ్యి దగ్గరే గడిపి, ఒక్కపూట కూర్చుంటే చాలు అనుకునే తల్లులు ఎందరో ఉన్నారు. వాళ్లని కూర్చోబెట్టి వడ్డించాలి. అడిగినవాళ్లకి పని ఇవ్వాలి, అలసినవాళ్లకి పీట వెయ్యాలి. అడగకుండా టీవీ ముందు కూర్చునే మగవాళ్లకి మాత్రం అడగకపోయినా పని చెప్పాలి. ఈ విషయంలో నాకు మొహమాటం లేదు.

అమీర్‌పేట ఫ్లాట్లలో వంటింట్లో ఇద్దరు తిరిగే చోటు ఉండదు, నిజమే. అందుకే ఆ కోడలు పనిని హాల్లోకి తెచ్చింది. పేపరు పరిస్తే నలుగురు కూర్చోవచ్చు.

ఈసారి పండక్కి మీ ఇంటికొచ్చిన పెద్దావిడ గడప దగ్గర నిలబడి "నాకేమన్న పని చెప్పు" అంటే, దయచేసి వద్దనకండి. వేపరెమ్మలు ఆమె ముందు పెట్టండి.