ఆగిన చేయి - కాయక దీక్ష



చిత్తూరు సీమ పడమటి అంచున మైసూరు పీఠభూమిని ఆనుకొని మదనపల్లె, పుంగనూరు, కుప్పము అను మూడు పట్టణములు కలవు. ఇచట వాన తక్కువ, రాయి ఎక్కువ. అయినను చేతిపనికి ఈ నేల పేదది కాదు. మదనపల్లెను ఆనుకొనియున్న నీరుగట్టువారిపల్లెలో పట్టుచీరలు నేయు మగ్గములు కలవు. చేరువనున్న కంద్రిగలోను, పుంగనూరునుండి కుప్పము పోవు త్రోవలోని పలమనేరు ప్రాంతమునను మట్టితో బొమ్మలు, పాత్రలు చేయు కుమ్మరులు కలరు. కుప్పము సీమలో మల్బరీ తోటలు, వానిని నమ్ముకొన్న పట్టుపురుగుల పెంపకము కలవు.

ఈ పనివారికందరికిని ఎప్పుడో ఒకనాడు ఒకే కష్టము కలుగుచుండును. చేయి తిరిగినవాడే; పనిముట్టు చేతనే యున్నది; నూలో, మట్టియో, వెదురో ఎదుటనే యున్నది. కాని ఏమి చేయవలెనో తోచదు. నిన్నటి పూవునే నేడును నేయవలసి వచ్చును; మొన్నటి బొమ్మనే నేడును అచ్చునుండి తీయవలసి వచ్చును. క్రొత్తది చేయబోయిన చేయి ఆడదు. పని దొరకనివాని దుఃఖము లోకమునకు కనబడును. పని తోచనివాని దుఃఖము పక్కనున్న ఇంటివారికి సైతము కనబడదు. కొంతకాలమునకు అతడు మగ్గమునకు గుడ్డ కప్పి, బెంగుళూరు రైలెక్కి ఏదో ఒక కాపలా కొలువున కుదురుకొనును. ఒక మనిషి కూలి మారినదని లోకము తలచును. ఒక తరము విద్య అణగిపోయినదని ఎవరును తలపరు.

దీనికి బసవ మార్గమున మందు కలదా? కలదు. కాని అది మంత్రము కాదు, తాయెత్తు కాదు. అది కాయకము.

పండ్రెండవ శతాబ్దమున బసవేశ్వరుడు కళ్యాణ నగరమున బిజ్జలుని కొలువులో భాండారి పదవినుండి శరణులను చేరదీసెను. అనుభవ మంటపమున కూర్చున్నవారు శాస్త్రములు వల్లించిన పండితులు మాత్రమే కారు. పడవ నడిపిన అంబిగర చౌడయ్య, వెదురుపని చేసిన మేదర కేతయ్య, త్రాళ్లు పేనిన నులియ చందయ్య, నూలు వడికిన కదిర రెమ్మవ్వ మొదలగు పనివారు ఆ శరణకూటమివారే. వీరి పేళ్లకు ముందు వీరి పనులే బిరుదులైనవి. పూర్వము పనిని బట్టి మనిషిని తక్కువ చేసిన లోకమున, ఆ పని పేరే గౌరవనామమగుట సామాన్యమైన మార్పు కాదు.

ఇచట గమనింపవలసిన విశేషమొకటి కలదు. ఈ శరణులు వచనములు చెప్పవలసి వచ్చినపుడు ఉపమానములకై దూరము పోలేదు. పడవవాడు ఏటిని, తెడ్డును చూచి భవసాగరమును గూర్చి చెప్పెను. వడుకునట్టి తల్లి తన రాట్నమునే తత్త్వముగా మార్చెను. బసవేశ్వరునికి పూర్వుడైన జేడర దాసిమయ్య నేతగాడు. మగ్గమునొద్దనుండియే శివుని పలుకరించెను. వారికి మాట పనినుండి పుట్టెను, ఊహ వాకిటనుండి వచ్చెను. పనిలో పడి ఊహ ఎండిపోయినదని చెప్పువారు ఈ సంగతిని తలపోయవలెను. ఊహను ఎండించునది పని కాదు, పనిని చూడని కన్ను.

అట్లయిన చేయి ఏల ఆగును? తరచి చూడగా మూడు ముళ్లు కనబడుచున్నవి. మొదటిది మెప్పు. ఒకప్పుడు ఒక చీరకు మంచి పేరు వచ్చెను. నాటినుండి చేయి ఆ చీరకే బందీ యైనది. రెండవది పోలిక. ఎవని పనియో చూచి, తన పని ఎందుకును కొరగాదని నమ్ముట. మూడవది వెరపు. సరకు కొను వర్తకుడు క్రొత్తదానిని త్రోసిపుచ్చునేమో, తెచ్చిన పట్టుకు అప్పు తీరదేమో అను భయము. ఈ మూడవ ముడి ఊహామాత్రమైనది కాదు. చేనేతవాడు నెలల తరబడి తలచి వేసిన అంచును మరమగ్గము కొలది దినములలో అనుకరించి చవుకగా అమ్మివేయుచున్నది. కొన్ని రకముల వస్త్రములను చేనేతకే కేటాయించుచు 1985లో కేంద్రము చట్టము చేసినది. చట్టము మగ్గమునకు కంచె వేయగలదు. మగ్గము మీద కూర్చున్నవాని మనస్సులో విత్తనము వేయజాలదు. ఆ విత్తనము అతని వీధిలోనే దొరకవలెను.

మదనపల్లె వీధినే చూడుడు. ఈ పట్టణపు టమోటా సంత దేశమున పేరుపడినది. గంపలలో పోసిన కాయలలో పచ్చి, దోర, పండు అను మూడు దశలే కాక, వాని నడుమ లెక్కకురాని వన్నెలు కనబడును. ఒకే కాయ తొడిమకడ పచ్చగా నుండి అడుగున ఎఱ్ఱబారుచుండును. నేతగాడు ఆ సంతకు కూరకై పోవును, వన్నెకై పోడు. కాని అతని విద్యలో ఈ రహస్యము పూర్వమునుండియు ఉన్నదే. పడుగు ఒక రంగు, పేక వేరొక రంగు అయినపుడు, వెలుతురు పడు తీరును బట్టి వస్త్రము రెండు వన్నెలుగా మెరయును. నెమలికంఠము రంగు అట్లే పుట్టుచున్నది. నెమలి మెడను చూచి ఆ వన్నెను పట్టిన తొలి నేతగాడెవరో ఎవరికిని తెలియదు. అతడు పుస్తకము చూడలేదు, పక్షిని చూచెను. నేటి నేతగానికి సంతలోని దోరకాయ అట్టి నెమలి కారాదా?

పాతదానికే క్రొత్త రూపము వచ్చుటకు ఈ మదనపల్లెయే సాక్షి. రవీంద్రనాథ ఠాకూరు 1911లోనే జనగణమన గీతమును రచించియుండెను. 1919 ఫిబ్రవరిలో ఆయన మదనపల్లె బిసెంటు థియోసాఫికల్ కళాశాలలో కొన్ని దినములు బస చేసి, అచటి సభలో ఆ గీతమును పాడి వినిపించెను. ఆ దినములలోనే దానిని ఇంగ్లీషులోనికి అనువదించెను. మార్గరెట్ కజిన్సు దానికి స్వరలిపి కూర్చెను. మహాకవి అచట క్రొత్త పాట కట్టలేదు. ఎనిమిదేండ్ల నాటి పాటనే క్రొత్తవారి నడుమ పాడెను. పాట క్రొత్త మేను దాల్చెను. తోచనినాడు పాతపని పెట్టెనుండి తీసి, దానిని ఎరుగనివారికి చూపుట కూడ ఒక ఉపాయమే.

ఇక పుంగనూరు మాట. ఈ సీమలో మట్టితో నంది బొమ్మ చేయు కుమ్మరికి అచ్చు సిద్ధముగా నుండును. మట్టిని అచ్చులో అదిమి తీసినచో నంది వచ్చును. నూరు నందులు ఒకే ముఖముతో వచ్చును. ఒకనాడు ఆ ముఖము చేసినవానికే విసుగు పుట్టించును. అపుడు అతడు అచ్చును విడిచి, పెరటిలోని పశువును చూడవలెను. పుంగనూరు జాతి ఆవు లోకప్రసిద్ధమైనది. దాని ఎత్తు డెబ్బదినుండి తొంబది సెంటీమీటర్లు మాత్రమే. వెడల్పైన నుదురు, పొట్టి కొమ్ములు, చిన్న కాళ్లు. దాని పాలలో వెన్న పాలు ఇతర జాతుల కంటె మిక్కిలి ఎక్కువ. నూటికి ఎనిమిది వంతుల వరకు చెప్పుదురు. ఒకప్పుడు అంతరించు దశకు వచ్చిన ఈ జాతిని పలమనేరులోని పశుపరిశోధన కేంద్రము కాపాడుచు వచ్చినది. ఈ పశువు చిన్నదగుట లోపము కాదు, చిన్నదానియందే సారము దాచుకొనుట దాని గుణము. బసవ శబ్దమునకు వృషభమని అర్థము. బసవేశ్వరుని నందీశ్వరుని అవతారముగా భక్తులు కొలుతురు. కావున పెరటిలోని కోడెదూడ మెడ త్రిప్పు తీరును కన్నులార చూచి, ఒక్క నందిని అచ్చు లేకుండ చేతితో చేయుట ఆ కుమ్మరికి పనియు నగును, పూజయు నగును.

కుమ్మరి గుండయ్య చరితమును భక్తులు ఎరుగుదురు. కన్నడ కవి హరిహరుడు దానిని రగళెగా రచించెను. గుండయ్య కుండను తట్టుచు ఆ తాళమునకు తానే ఆడగా, పరమశివుడు దిగివచ్చి ఆడెనని కథ. ఆ కుండ ఏ రాజునకో చేసిన బంగారు కలశము కాదు. దినమును చేయు మట్టికుండ. శివుని రప్పించినది కుండ క్రొత్తదనము కాదు, తట్టిన చేతిలోని తన్మయత్వము.

అన్నింటికంటె గొప్ప పాఠము కుప్పము సీమలోని పట్టుపురుగు చెప్పుచున్నది. గ్రుడ్డునుండి వెలువడిన పురుగు మూడు వారములకు పైగా మల్బరీ ఆకు మేయును. ఈ కాలములో అది నాలుగు పర్యాయములు మేత మానును. తల పైకెత్తి, కదలక మెదలక, ఇంచుమించు ఒక దినము అట్లే యుండును. రైతులు దీనిని జ్వరమందురు. తెలియనివాడు పురుగు చచ్చినదనుకొనును. నిజమునకు అది పాత చర్మమును విడుచుచున్నది. పెరిగిన మేనికి పాత తొడుగు చాలదు. తెలిసిన రైతు ఆ సమయమున ఆకు వేయడు, పురుగును కదిలింపడు. సున్నపు పొడి చల్లి పడకను పొడిగా నుంచును, గాలి తగులనిచ్చును, కాచుకొనియుండును. నాలుగవ జ్వరము దాటిన పురుగు అంతకు ముందెన్నడును లేని ఆకలితో మేసి, పండి, గూడు కట్టును. మంచి గూటినుండి సుమారు వేయి మీటర్ల తెగని పోగు వచ్చును. ఆ పోగునకై ఆ ప్రాణి తన బ్రతుకునే ఇచ్చుచున్నదని ఎరిగిన నేతగాడు ఒక్క మూరను సైతము వృథా చేయడు.

పనివాని చేయి ఆగుట కూడ ఇట్టి జ్వరమే. అది చావు కాదు, పాత తొడుగు బిగుతగుట. ఆ దినములలో మనస్సుపై బలవంతముగా ఆకు కుప్పలు పోయరాదు. అట్లని గదికి తాళము వేసి పోరాదు. పడకను పొడిగా నుంచు రైతువలె చిన్న సేవలు మానకుండవలెను. నేతగాడు కండెలు చుట్టవచ్చును, తెగిన పోగులు అతుకవచ్చును. కుమ్మరి మట్టిలోని రాళ్లేరి తొక్కి నాననిడవచ్చును. మేదరి బద్దలు చీల్చి నునుపు చేయవచ్చును. పురుగులు గూడు కట్టుటకు వెదురుతో అల్లు చంద్రికను చూచినవారికి ఈ మాట తెలియును. చుట్టలు చుట్టలుగా తిరిగిన ఆ వెదురు బద్ద తానుగా పట్టునీయదు. పట్టు కట్టుకొనుటకు చోటిచ్చును. చిన్న సేవలు అట్టి చంద్రికలు.

ఆయ్దక్కి మారయ్య రాలిన బియ్యమేరి తెచ్చి జంగమ దాసోహము చేయు శరణుడు. ఒకనాడు అనుభవగోష్ఠిలో మునిగి కాయకమును మరచెను. భార్య లక్కమ్మ ఆయనను మేలుకొలిపి పనికి పంపెను. వేరొకనాడు ఆయన అవసరమునకు మించి బియ్యము తెచ్చినపుడు, ఎక్కువైనదానిని తిరిగి అచటనే పోసి రమ్మనెను. నులియ చందయ్య త్రాళ్లకై గడ్డి కోయుచుండగా ఇష్టలింగము జారి నీట పడెను. ఆయన పని ఆపలేదు. లింగమే వెంట వచ్చి వేడుకొనెనని కథ. లింగమును చులకన చేయుట దీని భావము కాదు. కైలాసము వేరొకచోట లేదు, చేయు పనియందే కలదని చూపుట దీని భావము. ఆ లింగము త్రాడు అమ్మి న్యాయమైన వెలకు మించి ధనము తెచ్చినపుడు చందయ్య దానిని కాయకముగా అంగీకరింపలేదని కూడ చెప్పుదురు. మెప్పు, పోలిక, వెరపు అను ముళ్లు మూడును ఇచట విడిపోవుచున్నవి. పని ఫలము జంగమునకు, లోకమునకు అర్పింపదగినదైనపుడు మెప్పునకై చేయి వణకదు.

దాసోహము పనివానికి మాత్రమే విధి కాదు. ఆకలిగొన్నవానికి ఉపన్యాసము అన్నము కాదు. ఇంటిలో పెండ్లి వచ్చినపుడు నేతగాని వాకిటికే పోయి చీర కొనుట, అతడు క్రొత్తగా వేసిన అంచును త్రోసిపుచ్చక ఒక్కటైనను తీసికొనుట, మట్టిబొమ్మకు అడిగిన వెల ఇచ్చుట భక్తుల ధర్మము. క్రొత్తదానిని కొనువాడు లేనిచోట క్రొత్తదానిని చేయువాడు ఎంతకాలము నిలుచును?

ప్రాతఃకాలమున ఇష్టలింగమును ఎడమ అరచేత నుంచి భక్తుడు రెప్పవాల్చక చూచును. పూజ ముగిసిన పిమ్మట ఆ అరచేయియే నాడెను పట్టును, మట్టిని తాకును, కత్తిని ఎత్తును. లింగమును చూచిన చూపుతోనే ఆ దినమున ఎదురైన ఒక్క వస్తువునైనను చూడవలెను: చింతచెట్టు క్రింది నీడయో, బండపై పారిన వాననీటి చారయో, ఆవు నుదుటి సుడియో. చూచినదానిని సాయంకాలము ఇంటి బిడ్డలకు చెప్పవలెను. చెడిన పనిని దాచక, దానిని విప్పి ఎచట చెడెనో వారికి చూపవలెను. ఇట్లు చేసినవానికి ఒక దినమున తోచకపోవచ్చును, ఒక మాసమున తోచకపోవచ్చును. కాని చూపు మేలుకొనియున్నచోట జ్వరము దాటకపోదు. జ్వరము దాటిన చేతికి పోగు దానంతటదియే అందును.